లెక్కలోకి రాని పదిహేడేళ్ళు

పోయిన వారం మనం హెడ్డమ్మని పెన్షన్ సెక్షన్‌లో, సెక్షన్ సారు బల్ల ముందు నిలబెట్టి వచ్చాం. ఇంకో నెలలో రిటైరయ్యే మనిషి ఆమె. కానిస్టేబుల్‌గా చేరి, హెడ్ కానిస్టేబుల్ అయి, అసలు పేరు ఇంట్లోవాళ్ళకి కూడా గుర్తులేనంతగా హెడ్డమ్మ అయిపోయింది. తన సర్వీసు ఎంతని తేల్చారో కనుక్కుందామని వెళితే పదకొండేళ్ళన్నారు. మిగతావి ఏమయ్యాయని అడిగితే, "మీరే వద్దనుకున్నారు కదమ్మా, మీ తరఫు మనిషే వచ్చి చెప్పి వెళ్ళాడు" అన్నారు. ఆ మనిషి ఎవరని ఆమె అడిగింది. సెక్షన్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఎంతసేపని తుడుస్తాడు? అద్దాలు మెరిసిపోతున్నాయి.

"చెప్పండి సారూ. నా తరఫు మనిషి ఎవరు?"

"ఎవరైతే ఏముందిలెండి ఇప్పుడు. జరిగిపోయింది కదా."

"మీకు జరిగిపోయింది. నాకు ఇప్పుడే జరుగుతోంది."

పక్క బల్లల దగ్గర కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. సెక్షన్ సారు చెడ్డవాడేం కాదు. తన దగ్గరికొచ్చి ఏడ్చే ముసలి పోలీసులని రోజూ చూస్తుంటాడు. ఏడ్చేవాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలుసు. ఏడవకుండా నిలబడి ఉన్న ఈవిడతో ఎలాగో తెలియలేదు. అందుకని తనకి తెలిసింది మొదలుపెట్టాడు.

"చూడండమ్మా, పెన్షన్‌కి సర్వీసు లెక్క ఎలా ఉంటుందంటే, చేరిన రోజు నుంచి దిగిపోయే రోజు దాకా ఒకే తాడులా ఉండాలి. ట్రైనింగ్ నెలలు కలుస్తాయి. జబ్బుచేసి సెలవు పెడితే, డాక్టరు సర్టిఫికెట్ ఉంటే అవీ కలుస్తాయి. సస్పెండ్ చేసినా, తర్వాత తప్పు లేదని తేలితే ఆ కాలం కూడా కలుపుతాం. కానీ ఉద్యోగంలోంచే తీసేశారనుకోండి, తాడు తెగినట్టే. మళ్ళీ తీసుకున్నా సరే, ఆ తెగినచోట ముడెయ్యమని పైఅధికారి ఆర్డరివ్వాలి. మీది ముడి పడలేదు."

"పడకపోతే నేను బయటున్న మూడేళ్ళు పోవాలి. అంతేగా?"

"ఆ మూడేళ్ళతో పోదమ్మా. దానికి ముందు చేసిందంతా పోతుంది."

"అంతా అంటే?"

"అంతా." ఆయన గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని తీసెయ్యకముందు చేసిన పదిహేడేళ్ళూ. మళ్ళీ చేరాక చేసిన పదకొండే లెక్క."

హెడ్డమ్మకి ముందు నవ్వొచ్చింది. ఒళ్ళు మండిపోయినప్పుడు ఆమెకి నవ్వే వస్తుంది. స్టేషన్‌లో అందరికీ అది తెలుసు, ఆ నవ్వు చూస్తే దొంగలు కూడా బెంచీ మీద సర్దుకుని కూర్చుంటారు.

"అంటే ఆ పదిహేడేళ్ళూ నేను పోలీసుని కాదా సారూ?"

"పోలీసే అమ్మా. పెన్షన్‌కి మాత్రం కాదు."

"పోయిన నెల మన డాగ్ స్క్వాడ్‌లో ముసలి కుక్కని రిటైర్ చేశారు. అది కూనగా వచ్చిన రోజు నుంచి లెక్కేసి, దండ వేసి, ఫోటో తీసి మరీ పంపారు. దాని తాడుపాటి చెయ్యదా నా తాడు?"

సెక్షన్ సారు నోరు జారాడు. "అది ఎవరి మీదా సాక్ష్యం చెప్పలేదు కదమ్మా."

అన్నాక ఆయనే బిత్తరపోయాడు. చుట్టూ చూశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడో, లేక ఇన్నేళ్ళుగా మోస్తున్నది బయటికొచ్చేసిందో, ముందుకి వంగి మెల్లగా చెప్పాడు.

"ముడెయ్యమని అడగడానికి మీకు గడువు ఇచ్చారు. ఆ గడువులోనే మీ తమ్ముడొచ్చారు. మీరు పాత సర్వీసు ఏమీ కోరడం లేదని, మీరు సంతకం పెట్టిన కాగితం ఇచ్చి వెళ్ళారు. నేను అడిగాను కూడా, మీ అక్కగారికి తెలుసా అని. 'మా అక్క సంగతి నాకు తెలీదా' అన్నారు."

హెడ్డమ్మ టోపీ పెట్టుకుంది. బెల్టు సర్దుకుంది. వెనక్కి తిరిగింది. కీబోర్డులు మళ్ళీ మోగడానికి చాలాసేపు పట్టింది.

*

జిల్లా పోలీసు ఆఫీసు అక్కడికి బస్సులో నాలుగు స్టాపులు. ఆమె బస్సెక్కలేదు. కూర్చుంటే ఎక్కడ చల్లారిపోతానో అని భయమేసినట్టు నడిచింది. ఎండలో, లారీల పొగలో, ఎదురొచ్చిన వాళ్ళు పక్కకి తప్పుకునేలా నడిచింది.

తమ్ముడు. చిన్నోడు. వాడికి నడక రాకముందే అమ్మ పోయింది. వాడిని చంకనేసుకుని వంట చేసింది తను. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చింది తను. వాడు చదువు చాలిస్తానంటే చెవి మెలిపెట్టి కాలేజీకి పంపింది తను. పోలీసు పరీక్ష రాయమని వెంటపడిందీ తనే. అక్క కానిస్టేబులు, తమ్ముడు ఎస్సై అయిన రోజు వీధి వీధంతా వచ్చి వాళ్ళ గుమ్మంలో నిలబడ్డారు. ఆ రోజు ఆమె ఎంత పొంగిపోయిందంటే, మర్నాడు ట్రాఫిక్‌లో తప్పు చేసిన వాళ్ళని కూడా తిట్టకుండా వదిలేసింది.

కాగితాలు. అవును, కాగితాలు తెచ్చాడు. ఉద్యోగం తిరిగొచ్చిందన్న సంతోషంలో ఇంట్లో అందరూ ఏడుస్తూ నవ్వుతున్నప్పుడు, బల్ల మీద ఒక కట్ట పెట్టి, "జాయినింగ్ కాగితాలక్కా. ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ" అని వేలితో చూపించాడు. ఆమె చదవలేదు. వేరేవాడెవడైనా పెట్టమంటే అక్షరం అక్షరం చదివేది. తెచ్చింది చిన్నోడు కదా.

అసలు ఆమె ఉద్యోగం పోయింది ఎందుకో కూడా చెప్పుకోవాలి, కొత్తగా చదువుతున్నవాళ్ళకి. పద్నాలుగేళ్ళ కిందట స్టేషన్‌కి ఒక పెయింటర్‌ని తెచ్చారు. ఏదో పెద్దింట్లో గోడలకి రంగులేస్తుంటే నగ పోయిందట. ఆ మధ్యాహ్నం లాకప్ దగ్గర సెంట్రీ డ్యూటీ హెడ్డమ్మది. లోపలికి వెళ్ళింది అప్పటి ఇన్‌స్పెక్టర్, మీసాలాయన. లోపల్నుంచి వచ్చిన అరుపులు విని ఆమె తలుపు తట్టింది. తట్టినందుకు తిట్లు తింది. "నీ పని తలుపు బయట. బయటే చూసుకో" అన్నాడు మీసాలాయన. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. పెయింటరు మెట్ల మీద నుంచి పడి చచ్చిపోయాడని స్టేషనంతా ఒక్కమాట మీద నిలబడింది. లాకప్‌కి మెట్లే లేవని చెప్పింది హెడ్డమ్మ ఒక్కతే.

దానికి బహుమానంగా, సెంట్రీలో ఉండి నిద్రపోయిందని, ఆమె నిర్లక్ష్యం వల్లే మనిషి పోయాడని రాసి ఇంటికి పంపేశారు. పెయింటర్ కేసు సాక్ష్యం చాలదని మూలన పడింది. మూడేళ్ళు ఆమె కోర్టు చుట్టూ తిరిగింది. విచారణ సరిగ్గా చెయ్యకుండా తీసేశారని కోర్టు తప్పుబట్టింది, ఉద్యోగంలోకి తీసుకోమంది. మధ్యలో ఏళ్ళ సంగతి మాత్రం ఆఫీసే తేల్చుకోవాలని వదిలేసింది.

ఆఫీసు తేల్చింది. ఎలా తేల్చిందో ఆమెకి ఇవాళ తెలిసింది.

*

ఇప్పుడు డీఎస్పీ అయిన తమ్ముడి గది ఆ ఆఫీసు రెండో అంతస్తులో, పొడుగాటి హాలు చివర. హాల్లో రెండు వరసల బల్లలు, వాటి వెనక రైటర్లు, కానిస్టేబుళ్ళు. హెడ్డమ్మ రాగానే నలుగురు లేచి నమస్కారం పెట్టారు. డీఎస్పీగారి అక్కగా కాదు, హెడ్డమ్మగా. వాళ్ళలో సగం మందికి లాఠీ పట్టుకోవడం నేర్పింది ఆమే.

తలుపు దగ్గరి కానిస్టేబుల్ "సారు ఫోన్‌లో ఉన్నారమ్మా" అంటుండగానే ఆమె లోపలికి వెళ్ళి, బల్లకి ఎదురుగా నిలబడి, మడమలు చప్పుడయ్యేలా కలిపి సెల్యూట్ కొట్టింది.

తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. అక్కని అతనెప్పుడూ తనకి సెల్యూట్ కొట్టనివ్వలేదు. ఎక్కడ ఎదురుపడినా "ఊరుకో అక్కా" అని చెయ్యి పట్టుకునేవాడు. ఇవాళ పట్టుకోవడానికి మధ్యలో బల్ల ఉంది.

"ఏంటక్కా ఇది? కూర్చో. టీ చెప్తాను."

"వద్దు సార్. ఒక్క విషయం అడిగి వెళ్ళిపోతాను సార్. నా సర్వీసు ఎంతో తమరికి తెలుసా సార్?"

అతని మొహంలో రంగు మారడం ఆమె చూసింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి ఇంటికొచ్చినప్పుడు కూడా ఇలాగే మారేది.

"సెక్షన్‌కి వెళ్ళావా?"

"తెలుసన్నమాట."

"అక్కా, తలుపేసి మాట్లాడుకుందాం." అతను లేచి వెళ్ళి తలుపు మూశాడు. మూసి, ఆమె వైపు తిరగకుండానే అన్నాడు. "ఇలా నీకు తెలియకూడదనుకున్నాను. నేనే చెబుదామనుకున్నాను."

"ఎప్పుడు? నా పాడె కట్టాకా?"

"ఆ మాటలేంటి? నేను చేసింది నీ కోసం. కోర్టు తీసుకోమంది, నిజమే. కానీ పైకోర్టుకి వెళ్తామని అప్పటి ఎస్పీ, పెద్దసారు, పట్టుబట్టి కూర్చున్నాడు. వెళ్ళుంటే ఇంకో పదేళ్ళు. పదేళ్ళు నువ్వు కోర్టు మెట్ల మీదే ఉండేదానివి. బావ ఒక్కడి రెక్కల మీద ఇల్లు నడిచేదా? నేను ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. 'మీ అక్క పాత సర్వీసు అడగనంటే నేను పైకి వెళ్ళను' అన్నాడు. సరేనన్నాను. రెండోరోజుకల్లా నీ ఒంటి మీదకి యూనిఫాం వచ్చిందా లేదా?"

"నన్ను అడిగావా?"

"అడిగితే నువ్వు ఒప్పుకునేదానివి కాదు."

"కాదు."

"అందుకే అడగలేదు."

అంత సులువుగా అన్నాడు ఆ మాట. పక్కింటి పిల్లి గురించి చెబుతున్నట్టు. హెడ్డమ్మ బల్ల మీద అరచేత్తో గట్టిగా చరిచింది. 'సార్' పోయింది. 'తమరు' పోయింది.

"ఒరేయ్ చిన్నోడా! ఎవరిదిరా ఆ సర్వీసు? నీ అబ్బ సొత్తా తీసుకెళ్ళి ఇచ్చెయ్యడానికి? ఆ పదిహేడేళ్ళు ఎక్కడున్నానో తెలుసా నీకు? వరదల్లో నడుముల్లోతు నీళ్ళలో నిలబడ్డాను. గొడవల్లో రాయి తగిలి నెత్తురు కారుతుంటే కర్చీఫ్ కట్టుకుని మళ్ళీ లైన్లోకి వెళ్ళాను. మార్చురీ దగ్గర దిక్కులేని ఆడవాళ్ళ శవాలకి తెల్లార్లూ కాపలా కాశాను. పసిపిల్లకి పాలివ్వాల్సిన వేళకి బందోబస్తులో ఉండి, జాకెట్ తడిసిపోతుంటే పైన కోటు వేసుకుని నిలబడ్డాను. అదంతా జరగలేదా? నేను కలగన్నానా? మీరు తాడు తెంపారు, మీరే ముడికి గడువిచ్చారు, మీరే ముడి వద్దని నాతో రాయించుకున్నారు!"

"అక్కా, మెల్లగా. బయట వింటారు."

"నీకేమిచ్చారు?"

"ఏంటి?"

"నా పదిహేడేళ్ళు నువ్వు ఊరికే ఇచ్చి ఉండవు. బదులుగా నీకేమిచ్చారు?"

అతను బల్ల మీద పెన్ను తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది, ఆమెకే గుర్తొచ్చింది. తను తిరిగి చేరిన ఏడే అతనికి స్టేషన్ ఇచ్చారు. సీనియర్లు ఆరుగురు వరసలో ఉండగా. 'మావాడు తెలివైనవాడు' అని ఆ రోజు అందరికీ చెప్పుకుని మురిసిపోయింది పిచ్చిమొద్దు.

"స్టేషన్," అంది.

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"నా మొహం చూసి చెప్పు."

అతను చూడలేదు. కిటికీలోంచి బయట నిలిపిన జీపులని చూశాడు. చూస్తూనే వేరే గొంతుతో, ఆఫీసరు గొంతుతో మాట్లాడాడు.

"సరే. తిట్టావుగా. ఇప్పుడు విను. ఆ సర్వీసు ఇంకా పోలేదు. నువ్వు రిటైరయ్యేలోపు ఎప్పుడైనా ఆ బ్రేక్‌ని మాఫీ చెయ్యొచ్చు. పైనుంచి ఒక్క ఆర్డర్. పదిహేడూ వస్తాయి, మధ్యలో మూడూ వస్తాయి. ముప్పై ఒక్క ఏడూ అతుక్కుపోతాయి. నేను మాట్లాడాను. చేస్తారు."

ఇన్నేళ్ళ పోలీసు ఉద్యోగం హెడ్డమ్మకి నేర్పిన సంగతి ఒకటుంది, ఎదుటివాడు వరమిచ్చేటప్పుడు నోరు మూసుకుని ఉంటే మిగతాది వాడే చెప్పేస్తాడు.

"పెయింటర్ వాళ్ళమ్మ మళ్ళీ కోర్టుకెక్కింది," అన్నాడు తమ్ముడు. "కేసు తెరిచారు. వచ్చే వారం నిన్ను పిలుస్తారు. ఆ రోజు స్టేషన్‌లో ఉన్నవాళ్ళల్లో మిగిలింది నువ్వొక్కదానివే, మిగతావాళ్ళు పోయారు, లేదా ఆ మెట్ల మాట మీదే ఉన్నారు. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదక్కా. మీసాలాయన మంచివాడని చెప్పక్కర్లేదు. చాలా ఏళ్ళయింది, సరిగ్గా గుర్తులేదు అను. అంతే. ఎవరికైనా గుర్తుండదు కదా? నిజమే కదా అది?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. హెడ్డమ్మకి మాత్రం ఆ పెయింటరు గొంతు వినబడుతోంది. తలుపు ఇవతల ఆమె విన్నది ఒకే ఒక్క మాట, పదే పదే. "అమ్మా." వాళ్ళమ్మని పిలిచాడో, తలుపు బయట ఆడమనిషి ఉందని తెలిసి తననే పిలిచాడో ఇప్పటికీ తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఇంట్లో గిన్నె కిందపడ్డా ఆమె ఉలిక్కిపడేది అందుకే.

"గుర్తులేదంటే సర్వీసు ఉన్నట్టు," అంది మెల్లగా. "గుర్తుందంటే లేనట్టు."

"అలా అనుకోకు."

"మరెలా అనుకోమంటావు?"

"ఒక్కసారి నీ గురించి ఆలోచించుకో అక్కా! ఆవిడెవరు? నీకేమవుతుంది? ఆవిడ కొడుకు ఎలాగూ తిరిగిరాడు. నీ బతుకు నీకుంది. బావ కళ్ళు మసకేసి షాపు మూసేశాడు. పదకొండేళ్ళ సర్వీసుతో ఏం తింటారు మీరిద్దరూ? నేను పెట్టలేనని కాదు, నువ్వు నా చేతి కూడు తింటావా? తినవు. నాకు తెలీదా నీ సంగతి?"

'మా అక్క సంగతి నాకు తెలీదా.' సెక్షన్ సారు ముందు కూడా ఇదే మాట అన్నాడు. ఆ మాటతోనే అక్క పేరు అమ్ముకుని వచ్చాడు. హెడ్డమ్మ గబగబా నడిచి తలుపు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిపోతుందనుకుని అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడింది. పరేడ్ గ్రౌండ్ అవతలి కొస దాకా వినబడే గొంతు ఆమెది. ఆ గొంతుతోనే హాలు వైపు తిరిగి మొదలుపెట్టింది.

"అందరూ కాస్త పని ఆపండర్రా! మీ అందరికీ పనికొచ్చే సంగతి. మీ సర్వీసు ఎలా లెక్కేస్తారో తెలుసుకోండి. ట్రైనింగ్ కలుపుతారు, జబ్బు సెలవు కలుపుతారు. లాకప్‌లో మనిషిని కొడుతుంటే విన్నానని చెప్పారనుకోండి, చేసిందంతా కొట్టేస్తారు. మర్చిపోయానని చెబితే మళ్ళీ కలిపేస్తారు. నాకు ఇప్పుడే డీఎస్పీగారు స్వయంగా వివరించారు. పెయింటర్ కేసులో వచ్చే వారం కోర్టుకెళ్ళి గుర్తులేదని చెబితే నా ముప్పై ఒక్క ఏడూ నాకిచ్చేస్తారంట. విన్నారా? వెనక బల్లల వాళ్ళకి వినబడిందా?"

హాల్లో ఎవరూ కదల్లేదు. టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళిన రైటరు అక్కడే ఆపేశాడు. తమ్ముడు వెనకనుంచి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించి కొట్టింది.

"నాకు గుర్తుంది!" అంది హెడ్డమ్మ. "తలుపు ఇవతల నిలబడి ఏం విన్నానో గుర్తుంది. బయటికొచ్చి ఏ తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడో గుర్తుంది. తుడుచుకుంటూ నాతో ఏమన్నాడో గుర్తుంది. కోర్టులో చెప్పాల్సిందంతా చెబుతాను. మీ తాడు మీ దగ్గరే పెట్టుకుని ఉరేసుకోండి."

వెనక వరసలో ఒక కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు. అతని పక్కన ఇంకొకడు. ఏమీ అనలేదు వాళ్ళు, అనే ధైర్యం ఎవరికుంది? కానీ లేచారు. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు హాలంతా పాకింది. ఒక్కొక్కరే, కొందరు తలలు దించుకుని, కొందరు డీఎస్పీ వైపు దొంగచూపులు చూస్తూ, లేచి నిలబడ్డారు. కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. కూర్చున్నవాళ్ళు మాత్రం ఆమె కళ్ళలోకి చూడలేకపోయారు.

హెడ్డమ్మ వాళ్ళ మధ్యనుంచి నడిచి మెట్ల దాకా వెళ్ళింది. తమ్ముడు ఆమె వెంటే వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఎవరూ లేని మలుపు దగ్గర ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఇంతసేపూ ఉన్న బతిమాలుడు అతని గొంతులో లేదు.

"నా పరువు తీశావు. తీసుకో. కానీ కోర్టులో నీ మాట ఒక్కటే ఉంటుందనుకోకు. నువ్వు విన్నానంటావు. అసలు నువ్వు అక్కడ లేవని చెప్పేవాళ్ళు కూడా వస్తారు."

"ఎవడొస్తాడు? అక్కడ లేనిదాన్ని సెంట్రీలో నిద్రపోయానని ఎలా తీసేశారంట? మీసాలాయన కొనుక్కున్నవాళ్ళని ఎంతమందినైనా తెచ్చుకోమను. కోర్టుకి అంతమాత్రం తెలీదా?"

"కొనుక్కున్నవాళ్ళు కాదు." అతను ఒక్క క్షణం మళ్ళీ పలక పగలగొట్టిన చిన్నోడిలా కనిపించాడు. "ఇంటికెళ్ళక్కా. ముందు ఇంటికెళ్ళి బావతో మాట్లాడు."

"బావకేం సంబంధం దీంతో?"

అతను పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

*

ఈసారి హెడ్డమ్మ ఆటో ఎక్కింది. దారి పొడుగునా భర్తకి ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే మనిషి ఆయన. ఆమెకి ఉద్యోగం లేని ఆ మూడేళ్ళూ పగలు షాపులో, సాయంత్రాలు ఇళ్ళకెళ్ళి పనిచేసి ఇల్లు ఈడ్చుకొచ్చాడు. సన్నటి రాగితీగ చుట్టి చుట్టి కళ్ళు అప్పుడే పాడయ్యాయి. "ఎందుకు చెప్పావే సాక్ష్యం?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ అడగకపోవడాన్నే నమ్ముకుని ఇన్నేళ్ళూ తలెత్తుకుని బతికింది ఆమె.

ఆయనకేమైనా అయిందేమో. ఎవరైనా వచ్చి బెదిరించారేమో. 'చెయ్యి వేసి చూడమను నా మొగుడి మీద' అని పళ్ళు నూరుకుంది. "ఇంకొంచెం తొందరగా పోనియ్యవయ్యా!" అని ఆటో అతని మీద విరుచుకుపడింది.

వీధి మొదట్లోనే దిగిపోయి నడిచింది. ఇంటి ముందు తెల్లకారు ఆగి ఉంది. తలుపు తీసే ఉంది. లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి. బెదిరింపులు కావు, మామూలు మాటలు, ఇద్దరు పెద్దవాళ్ళు ఎండల గురించి చెప్పుకుంటున్నట్టు.

ముందు గదిలో, ఆమె రోజూ కూర్చునే కుర్చీలో, మీసాలాయన కూర్చుని ఉన్నాడు. మీసాలు తెల్లబడ్డాయి. మనిషి కుంచించుకుపోయాడు. చేతిలో వాళ్ళింటి కప్పు, వాళ్ళింటి టీ. ఆమెని చూసి లేవబోయి, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూలబడ్డాడు. "రామ్మా," అన్నాడు, తన ఇంటికి ఆమె వచ్చినట్టు.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?" హెడ్డమ్మ చెయ్యి తనకు తెలియకుండానే గుమ్మం పక్కన ఆనించి ఉన్న లాఠీ మీదకి వెళ్ళింది. "లే. కప్పు అక్కడ పెట్టి లే ముందు!"

"నేనే రమ్మన్నాను," అన్నాడు భర్త.

ఆయన గోడవారన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె వైపే చూస్తున్నాడు గానీ, ఆ మసక కళ్ళకి ఆమె మొహం ఎంత కనబడుతోందో తెలియదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, బయటికి వెళ్ళి వచ్చిన మనిషిలా.

"ఏవండీ, ఎవరితో కూర్చున్నారో తెలుస్తోందా మీకు?"

"తెలుసు. అరవకు. పొద్దున్న ఈయనతో కలిసి లాయరు దగ్గరికి వెళ్ళొచ్చాను. కోర్టులో నేను కూడా సాక్ష్యం చెబుతున్నాను."

"ఏమని?"

ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా అడగనిదంతా ఆ గొంతులోకి వచ్చినట్టు, పొడిగా, తడుముకోకుండా అన్నాడు.

"ఆ మధ్యాహ్నం నువ్వు స్టేషన్‌లో లేవని. జ్వరంతో ఇంట్లో, నా పక్కనే పడుకుని ఉన్నావని."